అద్దె గౌను ఆత్మకథ

తెనాలిలో నాటకాల డ్రస్సులు అద్దెకిచ్చే కొట్టులో ఉంటాను. నల్ల శాటిన్ గుడ్డ, మెడ చుట్టూ ఎర్ర పట్టీ, ముందువైపు రెండు హుక్కులు, అయిదారేళ్ల పిల్లలకు సరిపోయే కొలత. నాకు జోడీగా నలుపలకల టోపీ, దానికో పసుపుపచ్చ కుచ్చు. నా పక్క కొక్కేనికి కృష్ణుడి కిరీటం, మూలన భీముడి గద. పద్యనాటకాలున్నప్పుడు వాళ్లు ఊళ్లు తిరిగొస్తారు. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే తిరుగుడు నాది. యూకేజీ పూర్తయిన పిల్లలకు బళ్లలో గ్రాడ్యుయేషన్ డే చేసేది అప్పుడే. చాలాచోట్ల వార్షికోత్సవం కూడా ఆ సాయంత్రమే కలిపేస్తారు.

మా వంశం పాతది. మధ్యయుగాల్లో యూరప్ విశ్వవిద్యాలయాల్లో చదువు చెప్పినవాళ్లూ చదువుకున్నవాళ్లూ చాలావరకు చర్చికి చెందినవాళ్లే. వాళ్లు తొడుక్కున్న పొడుగు అంగీలే తరాలు గడిచాక పట్టాల గౌన్లయ్యాయి. ఇప్పుడు మన స్నాతకోత్సవాల్లో పెద్ద గౌన్లకు పని తగ్గుతోంది. చేనేత వస్త్రాలు వాడమని 2019లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మగ్గం ఆడితే నాకు సంతోషమే.

"ఏబీసీడీలు నేర్చినదానికి కూడా పట్టానా?" అని కొట్టుకొచ్చినవాళ్లు అంటుంటే విన్నాను. నేను ఒప్పుకోను. మూడేళ్ల కింద బడి గేటు దగ్గర అమ్మ కొంగు వదలకుండా ఏడ్చిన పిల్ల, ఇవాళ ఊరంతా చూస్తుండగా ఒక్కతే స్టేజీ ఎక్కుతోంది. కన్నవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ఇక ఆటపాటలంటారా, కిండర్‌గార్టెన్ పుట్టిందే వాటితో. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల కోసం బడి పెట్టిన ఫ్రోబెల్, 1844లో తల్లులు పిల్లలతో పాడుకునే పాటలతో పుస్తకమే వేశాడు.

కిందటి మార్చిలో నన్ను తొడుక్కున్న పాప సంగతి చెప్పాలి. వాళ్ల నాన్న నిమ్మకాయల మార్కెట్లో హమాలీ. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. స్టేజీ వెనక నా అంచు పాప కాళ్లకు అడ్డం పడుతుంటే, అమ్మ గొంతుక్కూర్చుని తన గాజులకున్న పిన్నీసు తీసి నన్ను లోపలికి మడిచి పెట్టింది. హుక్కులు నేను పెడతానని నాన్న ముందుకొచ్చాడు. బస్తాలు మోసి కాయలు కాసిన వేళ్లు. అంత చిన్న హుక్కు ఆ వేళ్లకు ఎలా చిక్కుతుంది? "కదలమాక తల్లీ, కదలమాక" అంటూ ఊపిరి బిగబట్టి చివరికి పెట్టేశాడు. ఆ చేతుల నిమ్మకాయ వాసన నా మెడపట్టీకి అంటుకుంది.

"నాన్నా, నువ్వు ముందు కూర్చో. నాకు కనపడాలి."

"ముందే ఉంటాలే అమ్మా."

ముందు వరస కుర్చీలు అతిథులవి. ఆయన పక్కకెళ్లి స్పీకర్ దగ్గర నిలబడ్డాడు, అక్కడైతే పాపకు కనపడతాడని.

మైకులో పాప పేరు చదివారు. టీచరమ్మ అంతటితో ఆగలేదు. ఇంటిపేరుతో సహా చెప్పి, తర్వాత అమ్మ పేరు, నాన్న పేరు నిదానంగా చదివింది. మార్కెట్లో ఆయన్ను "ఏయ్", "ఒరే" అనేవాళ్లే ఎక్కువ. తన పేరు మైకులో వినేసరికి రెండు చేతులూ ఎత్తి స్టేజీకి దణ్ణం పెట్టాడు. టోపీ కుచ్చు కుడివైపు నుంచి ఎడమవైపుకు తిప్పుతున్నప్పుడు కూడా పాప చూపు నాన్న మీదే ఉంది. దాని గుండె దడదడలాడటం లోపల నాకు తెలుస్తూనే ఉంది.

తర్వాత డాన్సు. పాప లోపల పట్టులంగా కట్టుకునే ఉంది గనక నన్ను విప్పి అమ్మ చేతికిచ్చారు. స్టేజీ కింద టీచరమ్మ స్టెప్పులు వేసి చూపిస్తోంది, పిల్లలు ఆవిణ్ణే చూస్తూ ఆడుతున్నారు. అందరూ కుడికి తిరిగితే మా పాప ఎడమకు తిరిగింది, మళ్లీ తనే సర్దుకుంది. అమ్మ పెదాలు మాత్రం ఎక్కడా తప్పలేదు. ఇన్నాళ్లూ మిషను తొక్కుతూ పాపతో పాటు పాడి పాడి పాటంతా ఆవిడకు నోటికొచ్చేసింది. పాట అయ్యేవరకూ నన్ను గుండెకు అదుముకునే ఉంది. చప్పట్లు కొట్టాలన్న సంగతి కూడా పక్కావిడ కొట్టాకే గుర్తొచ్చింది.

ఈ కన్నవాళ్లలో చాలామంది ఏ కాలేజీలోనూ గౌను తొడుక్కున్నవాళ్లు కారు. వాళ్ల గర్వం ఆడంబరం కాదు.

బళ్లు నడిపేవాళ్లకు నాదొక విన్నపం. ఉపన్యాసాలకు టైము చాలలేదని పిల్లల పేర్లు గబగబా చదివేయకండి. ఉపన్యాసమే ఒకటి తగ్గించి, ప్రతి పిల్ల పేరుతో పాటు అమ్మానాన్నల పేర్లూ స్పష్టంగా చదవండి. ముందు వరసలో కుర్చీలు కూడా వాళ్లకే వేయండి.