నేను చదవని నిబంధన

కక్షిదారు తెచ్చిన దస్తావేజును హద్దుల దగ్గర్నుంచి సాక్షి సంతకాల వరకు వదలకుండా చదవడం నా వృత్తి. నరసరావుపేట కోర్టులో ఏళ్ల తరబడి ఆ పని చేస్తూ కూడా, నా పీహెచ్‌డీ ఆశను తేల్చే నిబంధనను మాత్రం ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఎవరో చెప్పిన మాటనే చట్టం అనుకున్నాను. ఈ తెలివితక్కువతనం పూర్తిగా నాది.

ఎల్‌ఎల్‌ఎంలో నాకు 53 శాతం వచ్చింది. ఆ రోజుల్లో తోటి న్యాయవాది ఒకరు "55 లేకపోతే పీహెచ్‌డీకి అప్లికేషనే తీసుకోరమ్మా" అన్నారు. ఆయన చెప్పింది సగం నిజం. పీజీలో 55 శాతం అడుగుతారు, అది సరే. కానీ ఎస్సీ, ఎస్టీలకు, క్రీమీలేయర్‌లోకి రాని ఓబీసీలకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు యూజీసీ 2016 నిబంధనల్లోనే ఉంది. 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు ఆర్థికంగా వెనుకబడిన వర్గాలను కూడా అందులో చేర్చాయి. నేను బీసీని. మా నాన్న చిన్న రైతు, ఓబీసీ సర్టిఫికెట్‌కు నాకు అడ్డేమీ లేదు. అంటే నాకు 50 సరిపోతుంది. నాకున్నవి 53. అడ్డం ఉందనుకున్న గోడ నా విషయంలో అసలు లేనే లేదు.

మా ఊరు కోటప్పకొండ కిందే. డాక్టరేట్ వస్తే మెట్లదారిన కొండెక్కి త్రికోటేశ్వరస్వామికి తలనీలాలు ఇస్తానని నా తరఫున నాన్న మొక్కుకున్నాడు. శివరాత్రి తిరునాళ్లకు ఇల్లంతా చుట్టాలే. మేనత్త ఏటా అడిగేది, "ఏందే, మీ నాన్న మొక్కు ఎప్పుడు తీరుద్ది?" అని. "మార్కులు చాలలేదత్తా" అనేదాన్ని. ఆ జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది. మార్కులు చాలలేదంటే ఇక నేను చెయ్యాల్సింది ఏమీ మిగలదు, నన్నెవరూ తప్పుపట్టరు. నిబంధన చదవకపోవడానికి అసలు కారణం తీరిక లేకపోవడం కాదు. చదివితే ఆ జవాబు నాకు దక్కకుండా పోతుందన్న భయం. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మా కొండ కథలో, తనను కిందికి రమ్మన్న భక్తురాలు ఆనందవల్లికి స్వామి ఒక షరతు పెట్టాడు: ముందు నువ్వు దిగు, వెనక నేనొస్తాను, తిరిగి చూడకు అని. ఆమె చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఆమెకు షరతేమిటో కనీసం తెలుసు. నా షరతేమిటో నేను అడగనే లేదు.

దానికి తోడు మరో రెండు అపోహలు పెంచుకున్నాను. పీహెచ్‌డీ అంటే ప్రాక్టీసు మూసేసి యూనివర్సిటీలో కూర్చోవాలనుకున్నాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి 2022 నిబంధనల్లో చోటుంది. ఉద్యోగస్తులైతే తాము పనిచేసే చోటు నుంచి అనుమతి పత్రం తేవాలి. కోర్సువర్కు మాత్రం ఎవరికీ తప్పదు, కనీసం 12 క్రెడిట్లు. ఇక వయసు దాటిందనుకున్నాను. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌కు వయోపరిమితి ఉంది గానీ పీహెచ్‌డీ ప్రవేశానికి యూజీసీ పెట్టిన పైవయసు లేదు. పైగా పీహెచ్‌డీ పూర్తి చేయడానికి స్త్రీలకు గడువు ఎక్కువ. అందరికీ ఆరేళ్లు, తిరిగి రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. స్త్రీలకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికి మొత్తం పదేళ్ల దాకా వెళ్లవచ్చు. 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది. నాలాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఎవరో కూర్చుని రాసిన వాక్యాలవి. నేను తిప్పని పేజీల్లో అన్నాళ్లూ ఉండిపోయాయి.

ఇవన్నీ నాకు చూపించింది మా ఆఫీసులో జూనియర్. యూజీసీ నెట్ పరీక్షకు చదువుకుంటున్న పిల్ల. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనూ పీహెచ్‌డీ ప్రవేశం పొందవచ్చు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా పర్సంటైల్‌కు 70, ఇంటర్వ్యూకు 30 వెయిటేజీ ఇస్తారు, ప్రవేశం కోసం ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. తన కోసం ఆ నిబంధనలు ప్రింటు తీసుకుని, ఒకరోజు నా బల్ల మీద పెట్టి, "మేడం, మీకు 53 అన్నారు కదా. మీకు అర్హత ఉంది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నేను ఆ సడలింపు వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆ సాయంత్రం నాన్నకు ఎలా చెప్పాలో తెలియక ఇంటికి ఆలస్యంగా వెళ్లాను.

తర్వాత దరఖాస్తు పెట్టాను. ప్రవేశ పరీక్షలో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం లా. అర్హతకు కావాల్సిన మార్కులు వచ్చాయి. ఇంటర్వ్యూలో ఒక ప్రొఫెసర్ అడిగారు, "మీ పరిశోధన ప్రశ్న ఏమిటి?" అని. "భారత రాజ్యాంగం, మహిళా హక్కులు" అన్నాను. "అది విషయం. ప్రశ్న ఏమిటి?" అన్నారు ఎంతో మర్యాదగా. నా దగ్గర లేదు. సీటు రాలేదు, రాకపోవడం న్యాయమే. అర్హత కోసం అన్నేళ్లు బాధపడ్డదాన్ని, లోపలికి రానిస్తే ఏం చేస్తానో ఒక్క రోజూ ఆలోచించలేదు. ఇది మొదటిదాని కంటే పెద్ద తెలివితక్కువతనం.

సీట్ల సంగతీ అప్పటికి నాకు తెలియదు. గైడు దగ్గర ఖాళీ ఉంటేనే సీటు ఉంటుంది. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురిని మించి చేర్చుకోకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. నా ప్రశ్న మీద పనిచేసేవారు ఆ విభాగంలో ఉన్నారా, ఉంటే వారి దగ్గర ఖాళీ ఉందా అని ముందే కనుక్కోవాలి.

ప్రశ్న మాత్రం చిన్నప్పటి నుంచీ మా ఇంటి ముందు నుంచే పోతోంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, బట్టలు చుట్టి, నిండా కరెంటు దీపాలు పెట్టిన ప్రభలు. 90 అడుగులకు లేచినవీ ఉంటాయి. అంత ఎత్తు కట్టడం అందరూ తిరిగే రోడ్డు మీద, కరెంటు తీగల మధ్య నుంచి రావడానికి ఏ హక్కు ఆధారం? ఆచారమా, రాజ్యాంగం 25వ అధికరణమా, పోలీసుల అనుమతా? రోడ్డు మీద మతపరమైన ఊరేగింపు తీసుకెళ్లే హక్కు ఉందనీ, అది అధికారుల ఉత్తర్వులకు లోబడే ఉంటుందనీ మంజూర్ హసన్ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఏఐఆర్ 1925లో ఆ తీర్పు ఉంది. మన రాష్ట్రంలో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 1861 పోలీసు చట్టం కింద 2023 జనవరిలో వచ్చిన జీవో 1ను అదే ఏడాది మేలో హైకోర్టు కొట్టేసింది. ఈ రెండింటి మధ్య మా ఊరి ప్రభ ఎక్కడ నిలుస్తుంది? తీగ తగిలి ప్రమాదం జరిగితే బాధ్యత కట్టినవాళ్లదా, అనుమతి ఇచ్చినవాళ్లదా, తీగల యజమానిదా? తిరునాళ్ల కేసుల్లో ఈ ప్రశ్నలను నేను కక్షిదారుల తరఫున వాదించాను కూడా. అవి పరిశోధనకు పనికొస్తాయని తోచలేదు. పీహెచ్‌డీ అంటే ఢిల్లీ నుంచి వచ్చే పెద్ద మాటలతో చేసేదనుకున్నాను.

నాన్నకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేడు. ఘాట్ రోడ్డున కారులో తీసుకెళ్తానన్నాను. "ముందు సీటు తెచ్చుకో అమ్మాయ్" అన్నాడు. మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను, ఈసారి ప్రభల మీద.

పీహెచ్‌డీ అనుకుంటూ మార్కుల దగ్గర ఆగిపోయిన న్యాయవాదులు 2022 నిబంధనలు స్వయంగా చదవండి. యూజీసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఆ తర్వాత మీరు చేరదలచిన యూనివర్సిటీ ఆ ఏడాది ఇచ్చిన నోటిఫికేషన్ చదవండి. పీజీ లేకుండా చేరే దారి యూజీసీ వదిలినా చాలా లా విభాగాలు ఎల్‌ఎల్‌ఎం తప్పనిసరి అంటాయి. ఇక కోటప్పకొండ చుట్టుపక్కల వారికి ఒక మనవి. ప్రభలకు తీసుకున్న పాత అనుమతి పత్రాలు, కరెంటు శాఖకు కట్టిన రసీదులు, ఊళ్ల మధ్య దారి తగాదాల కాగితాలు మీ ఇళ్లలో ఉంటే పారేయకండి. నరసరావుపేట కోర్టు దగ్గరకు తెచ్చి నాకు చూపించండి. నకలు తీసుకుని మీవి మీకు తిరిగి ఇచ్చేస్తాను.