బోర్బన్ బావగారు

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో శనివారం రాత్రి పదిమంది తెలుగువాళ్లు చేరితే, అందులో ఒక బోర్బన్ బావగారు ఉండి తీరతారు. ఎవరికి బావో ఎవరూ అడగరు. మిగతావాళ్లంతా బిర్యానీ ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చూస్తుంటే, ఆయన గ్లాసులో ముక్కు దూర్చి కళ్లు మూసుకుని ఉంటారు. "వెనిల్లా... కొంచెం దాల్చినచెక్క... ఆఖర్న తోలు" అంటారు. తోలు వాసన రావడం మంచి లక్షణమని మనకు అప్పుడే తెలుస్తుంది.

ఆయన పుణ్యక్షేత్రం టెక్సాస్ హిల్ కంట్రీలోని హై అనే బుల్లి ఊరు. అక్కడి గారిసన్ బ్రదర్స్ వాళ్లు టెక్సాస్ మొక్కజొన్నతో బోర్బన్ కాస్తారు. అందులో కౌబాయ్ బోర్బన్ అనేదాన్ని తక్కువ సీసాల్లో విడుదల చేస్తారు. నీళ్లు కలపరు, 130 ప్రూఫ్ పైమాటే. ప్రూఫ్‌లో సగం ఆల్కహాల్ శాతం కాబట్టి 65 దాటుతుందన్నమాట. శానిటైజర్ సీసా మీద కూడా దాదాపు ఇదే అంకె కనిపిస్తుంది గానీ, ఆ మాట ఆయన ముందు అనకూడదు.

ఎవరో ఒక అమాయకుడు "అసలు బోర్బన్‌కీ విస్కీకీ తేడా ఏంటి బావగారూ?" అంటాడు. ఇక ఆ రాత్రి బిర్యానీ చల్లారినట్టే. కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి, పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ మించకూడదు. 1964లో అమెరికా కాంగ్రెస్ బోర్బన్ మీద తీర్మానం కూడా చేసింది. వరసపెట్టి అన్నీ చెబుతారు.

"మరి 125తో పోసింది 130 ఎలా దాటింది?"

ఈ ప్రశ్న కోసమే ఆయన కాచుకుని ఉంటారు. టెక్సాస్ ఎండకి పీపాలో సారా కంటే నీళ్లు ఎక్కువగా ఆవిరవుతాయట. సరుకు తరుగుతుంది, ఘాటు పెరుగుతుంది. అలా గాల్లో కలిసిపోయినదాన్ని దేవతల వాటా అంటారు. "కెంటకీ దేవతల కన్నా మన టెక్సాస్ దేవతలకి దాహం ఎక్కువ" అని ఆయనే నవ్వుతారు. నిజానికి ఈ మాట బాగుంటుంది, మొదటిసారి విన్నప్పుడు.

ఏది కొన్నా రెండేసి కొంటారు, ఒకటి తాగడానికి, ఒకటి దాచడానికి. దాచినవి అద్దాల బీరువాలో అందరం చూశాం. తాగినవి ఎవరూ చూడలేదు. "నా పెళ్లి పట్టుచీరకి కూడా ఈ ఇంట్లో ఇంత చోటు లేదు" అంటుంది అక్కయ్య, వంటింట్లోంచి.

కరీంనగర్ వైపు పల్లెలో ఉన్న తండ్రికి ఒకసారి వీడియో కాల్‌లో కౌబాయ్ సీసా చూపించారు.

"దేంతోటి చేస్తర్రా అది?"

"మక్కలే బాపూ, ఎక్కువ మక్కలే."

"ఎంతకు కొన్నవ్?"

రెండు వందల డాలర్ల పైనే. రూపాయల్లో చెప్పక తప్పలేదు. పెద్దాయన కాసేపు లెక్కేసుకున్నాడు.

"ఏడెనిమిది క్వింటాళ్ల మక్కల పైసలురా అవి! తాగినవా మరి?"

"లే బాపూ, దాచిన."

"మక్కలు దాస్తె పురుగు వడుతది, సూస్కో."

దసరాకి ఇండియా వెళ్తే పెట్టెలో రెండు సీసాలు. కస్టమ్స్ వాళ్లు సుంకం లేకుండా రెండు లీటర్లే వదులుతారు. 140 ప్రూఫ్ దాటితే విమానమే ఎక్కనివ్వరు, ఆ లెక్కంతా ఆయనకి కంఠతా. లెక్కలో లేనివాళ్లు బామ్మర్దులు. ఆయన డ్రాపర్‌తో నాలుగు నీటిచుక్కలు వేసి "ఇప్పుడు వాసన చూడండి" అనేలోపు, వాళ్లు గ్లాసు నిండా థమ్సప్ పోసేశారు.

కాబట్టి డాలస్ వెళ్లి బావగారింట్లో దిగేవాళ్లకు ఒక మనవి. ఐస్ అడగండి, సోడా అయినా అడగండి. థమ్సప్ పేరు మాత్రం ఎత్తకండి.