గొట్టం ఉంది, పుల్ల లేదు

1996 నుంచి బెంజి కార్లలో వచ్చిన 722.6 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సులో ఒక వింత ఉంది. బానెట్ ఎత్తితే గేరుబాక్సులోకి దిగే గొట్టం కనిపిస్తుంది. దానికో మూత, ఆ మూతకు విరగ్గొడితే తప్ప ఊడని పిన్ను. విరగ్గొట్టి తీస్తే లోపల మట్టం కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, ఉండదు! అది వర్క్‌షాపు వాళ్ల దగ్గర పనిముట్ల పెట్టెలో ఉంటుంది. లక్షలు పోసి కారు కొన్న మహానుభావుడు తన గేరుబాక్సులో ఆయిల్ ఎంతుందో తెలుసుకోవాలంటే వాళ్ల గుమ్మం తొక్కాల్సిందే.

ఎందుకీ ఏర్పాటని అడిగితే సమాధానం సిద్ధంగా ఉండేది: అందులో పోసింది లైఫ్‌టైమ్ ఆయిల్, చూడక్కర్లేదు, మార్చక్కర్లేదు. ఎవరి లైఫో మాత్రం చెప్పేవారు కాదు. 2005, 2006 ప్రాంతంలో మన ఫోన్ కంపెనీలు లైఫ్‌టైమ్ సిమ్ములు అమ్మిన సంగతి గుర్తుందా? జీవితకాలం అంటే మన జీవితకాలం కాదు, కంపెనీ లైసెన్సు ఉన్నంతకాలమని తర్వాత తేలింది. గేరుబాక్సు లెక్కలో అది వారంటీ కాలం. వారంటీ గడిచి, కారు రెండో చేతికో మూడో చేతికో మారేసరికి కంపెనీ దృష్టిలో ఆ ఆయిల్ జన్మ ధన్యమైపోతుంది.

బీఎండబ్ల్యూ వాళ్లదీ ఇదే పాట. వాళ్ల కార్లలో చాలావాటికి గేరుబాక్సు జర్మనీలోని జెడ్‌ఎఫ్ కంపెనీ తయారుచేసి ఇస్తుంది. కారు అమ్మినవాడు ఆయిల్ జీవితాంతం ఉంటుందన్నాడు. గేరుబాక్సు చేసినవాడు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటాడు. కన్నవాడికి తెలియని ఆయుర్దాయం అమ్మినవాడికి తెలిసిందన్నమాట. బెంజి వాళ్లు కూడా తర్వాత మాట మార్చుకుని, ఆయిల్ మార్చమని షెడ్యూల్లో చేర్చారు. పుల్ల మాత్రం యజమానికి ఇవ్వలేదు.

ఆ ఆయిల్ పడే చాకిరీ చూస్తే ఈ అమరత్వం కథ ఎంత పెద్ద కోతో తెలుస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు పంపేది అదే. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగించి గేర్లు మార్చేది అదే. వేడిని కూలర్‌కు మోసుకెళ్లేదీ, పళ్లు అరగకుండా కాపాడేదీ అదే. ఆ వేడికి అది మాడుతుంది, ప్లేట్లు అరిగిన పొడి అందులోనే కలుస్తుంది. సరే, ఆయిల్ అమృతమే అనుకుందాం. రబ్బరు సీళ్లు కూడా అమృతం తాగాయని ఏ కంపెనీ చెప్పలేదే! ఇంజిన్ ఆయిల్‌లాగా ఇది కాలి తగ్గేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఎర్ర రంగు కలిపింది కూడా కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికే. కింద ఎర్ర మరక పెట్టి మరీ చెబుతుంటే, పైన పుల్ల లేకుండా చేశారు.

పుల్ల ఉన్న పాత కార్ల వాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు? పొద్దున్నే చల్లటి బండి బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆపి ఉండగానే పుల్ల లాగి, గీత దాటి ఉందని సంబరపడతారు. ఇంజిన్ ఆగితే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత కింది ఛాంబర్‌లోకి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. అందుకే చాలా కార్లలో బండి కాసేపు తిప్పి, చదునైన చోట పెట్టి, బ్రేకు నొక్కి, గేరు లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి మార్చి, పార్క్‌లో ఉంచి, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. హోండాది వేరే దారి: వేడెక్కిన బండిని ఆపి, ఒకటిన్నర నిమిషం లోపు చూడాలి. కొన్ని పాత క్రైస్లర్లకు న్యూట్రల్‌లో. మాన్యువల్‌లో ఇదంతా రాసే ఉంటుంది. గ్లవ్ బాక్సులో ఉన్న దాని కవరు కూడా విప్పరు మనవాళ్లు.

మట్టం తక్కువని తేలితే ఇంకో వీరంగం: ఒక డబ్బా గుమ్మరించడం. రెండు గీతల మధ్య తేడా సాధారణంగా అర లీటరు లోపే. ఎక్కువైతే తిరిగే భాగాలు చిలికి నురగ పుట్టిస్తాయి, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండింటికీ ఫలితం ఒకటే: ఒత్తిడి పడిపోయి గేరు జారుతుంది. డబ్బా మీద ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అని ఉంటే చాలు, ఏ రకమైనా ఒకటేనంటాడు మెకానిక్. కాదు. ఆ బండికి రాసిన రకమే పోయాలి.

అమెరికా చదువుకెళ్లిన మన పిల్లలు మొదట కొనేది ఎక్కువగా లక్ష మైళ్లు దాటిన క్యామ్రీయో అకార్డో. అమ్మేవాడు గర్వంగా చెబుతాడు: ఇన్నేళ్లలో గేరు ఆయిల్ ముట్టుకోలేదు! స్నానం చేయనందుకు సన్మానం అడిగే ధోరణి ఇది. పాత ఆయిల్ మారిస్తే గేరుబాక్సు పోతుందని ఇంకో భయం పెడతారు. అందులో కొంత నిజం లేకపోలేదు, ఆయిల్ మాడిపోయిన బండికి యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగితే మురికి కదులుతుంది. అలాంటప్పుడు ఛాంబర్ విప్పి దిగినంత దింపి, అంతే పోస్తే సరి. అప్పటికీ పోయిందంటే, ఆ గేరుబాక్సు అంతకు ముందే పోయింది.

పాత ఆటోమేటిక్ కొనబోయేవాళ్లు ముందు ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. లైఫ్‌టైమ్ అండీ, మార్చే పనే లేదు అని జవాబొస్తే, అలాగే నవ్వుతూ కొత్త గేరుబాక్సు ఖర్చు ధరలోంచి తీసేయమనండి.