గ్యాస్ సంగతి తర్వాత, ముందు బానెట్ ఎత్తు నాయనా!

ఎండాకాలం మొదలైతే మా వీధిలో రోజూ వినపడే మాటలు రెండు. ‘కరెంటు పోయింది’ ఒకటి. ‘కార్లో ఏసీ సరిగ్గా రావట్లేదండీ, గ్యాస్ అయిపోయినట్టుంది’ రెండోది. మొదటిదానికి నేను చెయ్యగలిగిందేమీ లేదు. రెండోది విన్నప్పుడల్లా మాత్రం నా నోరు ఊరుకోదు. అయిపోవడానికి అదేమన్నా వంటింట్లో సిలిండరా? ఏసీలో గ్యాస్ మండేది కాదు, ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచీ సీళ్ళలోంచీ ఏళ్ళ తరబడి కాస్త కాస్త పోతే పోవచ్చు గానీ, ఏటా మార్చి నెలలో తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. ఎక్కడ కారుతోందో చూడకుండా మళ్ళీ పట్టేవాడొకడు, డబ్బిచ్చి పట్టించుకునేవాడొకడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

నేను సర్కారు బండ్లు తోలినవాణ్ణి. జీపులు, ఆ తర్వాత అంబాసిడర్లు. మాచర్ల, రెంటచింతల, పిడుగురాళ్ళ రోడ్లన్నీ నాకు కొట్టినపిండి. ఎండల్లో రెంటచింతల పేరు పేపర్లో పడని ఏడాది ఉందా? రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ పగిలే రోళ్ళున్న ఊళ్ళలో సున్నం దుమ్ము మింగుతూ తిరిగాం. ఏసీ అన్న మాట ఎవరికి తెలుసు? అంబాసిడర్ ముందు తలుపులకి మూలగా చిన్న అద్దాలుండేవి. వేళ్ళతో అటూ ఇటూ తిప్పి ఓ చోట నిలబెడితే గాలి తిన్నగా మెడకి తగిలేది. ఇంకాస్త తిప్పితే మొహానికి. ఆఫీసు కార్లలో సీట్ల మీద తెల్ల టర్కీ తువ్వాళ్ళు పరిచేవాళ్ళం. అది దర్జా కోసమని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన బండెక్కి, వట్టి రెగ్జిన్ మీద ఒక్కసారి కూర్చుని చూస్తే దర్జానో కాదో తెలిసొచ్చేది.

బంపరుకి కాన్వాసు నీళ్ళ సంచి కట్టేవాళ్ళం. నీళ్ళు గుడ్డలోంచి చెమర్చి గాలికి ఆవిరయ్యేవి, లోపలి నీళ్ళు చల్లబడేవి. ఆ వేడికి ఇంజను దగ్గర పెట్రోలు పంపులో ఆవిరి పట్టి బండి టకటక కొట్టుకుని ఆగిపోయేది. దిగి, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, చింతచెట్టు నీడన మజ్జిగ తాగి వచ్చేసరికి మళ్ళీ కదిలేది. బండికి ఎక్కడ సెగ తగులుతోందో డ్రైవరు చేతికి తెలిసేది. ఇప్పుడు కారు కొని నాలుగేళ్ళయినా బానెట్ మీట ఎక్కడుందో తెలియని ఓనర్లు మా అపార్టుమెంటులోనే ఉన్నారు.

ఎనభైల్లో కొంతమంది షావుకార్లు డ్యాష్‌బోర్డు కింద వేలాడే ఏసీ పెట్టెలు బిగించుకున్నారు. అదొక తమాషా. మోకాళ్ళకి మంచు, నడినెత్తికి నిప్పు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు ఏసీ కట్టెయ్యాల్సిందే, లేకపోతే రేడియేటర్ కుతకుతలాడేది. చల్లదనం కావాలంటే ఇంజను మీద బరువు పడుతుందనీ, ఆ వేడి బయటికి పోయే దారి ఉండాలనీ ఘాటు రోడ్డే నేర్పింది. ఈ రోజుల్లో చిన్న కారుకి కూడా ఏసీ ఉంది, మంచిదే. కానీ అది ఎట్లా పనిచేస్తుందో అడిగితే మొహమొహాలు చూసుకుంటారు.

పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు వెనకుంటుంది. అది లోపలి గాలిలో వేడిని లాగేస్తుంది. ఆ వేడిని మోసుకొచ్చిన గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కి, ముందు జాలీ వెనక ఉన్న కండెన్సర్‌లోకి తోస్తుంది. కండెన్సర్ ఆ వేడిని బయటిగాలికి వదిలేస్తుంది. ఇక్కడే ఉంది అసలు కిటుకు. బయటే 45 డిగ్రీలుంటే, కింద తారురోడ్డు సెగ కక్కుతుంటే, ముందున్న లారీ పొగ వేడంతా మన జాలీలోకే కొడుతుంటే, కండెన్సర్ వేడిని ఎవరికి అప్పగిస్తుంది? జనవరిలో ఏడెనిమిది డిగ్రీల గాలి కొట్టిన ఏసీయే మే నెలలో పన్నెండో పదిహేనో కొడుతుంది. అది జబ్బు కాదు. దానికీ ఎండ దెబ్బే.

తేమ సంగతి మరొకటి. ‘రామగుండంలో బాగానే పనిచేసిందండీ, బందరు వచ్చేసరికి డల్ అయింది’ అంటాడు మా పక్కింటాయన. రామగుండంలో ఎండ ఎక్కువ, గాలి పొడి. సముద్రం ఒడ్డున ఎండ కాస్త తక్కువే గానీ గాలినిండా తేమ. ఏసీ బలంలో పెద్ద వాటా ఆ తేమని నీళ్ళు చెయ్యడానికే పోతుంది. ఆ నీళ్ళే కారు కింద బొట్లుబొట్లుగా కారేవి. అవి కారుతుంటే సంతోషించాలి. బయట కారడం మాని ముందు సీటు కాళ్ళ దగ్గర తివాచీ తడుస్తుంటే డ్రెయిన్ గొట్టం పూడిందని తెలుసుకోవాలి. అంతేగానీ, ‘ఇంజన్‌లోంచి నీళ్ళు కారుతున్నాయి బాబోయ్’ అని మెకానిక్కుకి ఫోను కొట్టడం కాదు.

మొన్న మా మనవడు వచ్చాడు. “తాతయ్యా, గ్యాస్ పట్టించాలి, ఆటోనగర్లో మంచి షాపేదైనా ఉందా?” అన్నాడు.

“ఏం రా, ఏమైంది?”

“హైవే మీద చల్లగానే వస్తోంది. బెంజిసర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగితే వేడిగాలి కొడుతోంది.”

“గ్యాస్ లేనిదే హైవే మీద చల్లగా ఎట్లా వస్తుందిరా? మంగళగిరిలో ఉన్న గ్యాస్ బెజవాడ వచ్చేసరికి దిగి వెళ్ళిపోయిందా?”

బండి స్టార్ట్ చేసి ఏసీ ఫుల్లుగా పెట్టమన్నాను. వాడి నోటు పుస్తకంలోంచి ఓ కాగితం చింపి, ముందు జాలీకి ఆనించి వదిలాను. కండెన్సర్ ఫ్యాను సరిగ్గా లాగుతుంటే కాగితం జాలీకి అతుక్కుని నిలబడాలి. జారి నా చెప్పుల మీద పడింది. బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాను కదలట్లేదు. బండి పరిగెడుతున్నప్పుడు ఎదురుగాలి ఫ్యాను పని చేసిపెడుతోంది, ఆగినప్పుడు ఆ దిక్కూ లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే కాలిపోయిన రిలే. దాన్ని మార్చడానికి పట్టిన సేపు మా ఇంట్లో కాఫీ తాగడానికి పట్టినంత కూడా లేదు. ఒక్క మాట, ఆగి ఉన్న ఫ్యాను దానంతటదే గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. వేళ్ళు దూర్చకండి. ఇంజను నడుస్తున్నప్పుడు పంచె కొంగైనా చున్నీ అయినా బెల్టు దగ్గరికి పోనివ్వకండి.

ఫ్యాను తిరుగుతున్నా చల్లదనం లేదంటే తర్వాత చూడాల్సింది మురికి. కండెన్సర్ రేకుల మధ్య పురుగులు, దూదిపింజలు, సిమెంటు దుమ్ము, ప్లాస్టిక్ కవరు ముక్కలు ఇరుక్కుని గోడ కట్టేస్తాయి. రాత్రిళ్ళు పొలాల మీదుగా వచ్చే కారైతే చెప్పనక్కర్లేదు. బండి చల్లారాక మామూలు పైపుతో మెల్లగా నీళ్ళు పట్టి కడగాలి. సర్వీసింగ్ కుర్రాళ్ళు ప్రెషర్ గన్ను దగ్గరగా పెట్టి కొడతారు, పల్చటి రేకులన్నీ వంగి మూసుకుపోతాయి. కడిగిన పేరుతో ఊపిరాడకుండా చెయ్యడమంటే అదే.

లోపల క్యాబిన్ ఫిల్టర్ ఒకటుంటుంది. చాలా కార్లలో గ్లవ్ బాక్సు ఊడదీస్తే దాని వెనకే కనపడుతుంది. కొన్ని చవక మోడళ్ళకి కంపెనీ అదీ పెట్టదు, చోటు మాత్రం వదుల్తుంది. బ్లోయర్ నాలుగులో పెట్టినా ఒకటిలో పెట్టినట్టు గాలి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. మా ఎదురింటావిడ కార్లో తీసి చూపించాను. నల్లగా తారుపట్టి, మడతల్లో వేపాకులూ వెంట్రుకలూ. “అయ్యో బాబాయ్ గారూ, ఇదిక్కడుందని ఎవరూ చెప్పలేదే!” అంది. ఎవరు చెబుతారమ్మా, చెబితే గ్యాస్ బేరం పోదూ?

ఆ బ్లోయర్ పక్కన కారు బొమ్మలో గుండ్రటి బాణం గుర్తున్న బటన్ ఒకటుంటుంది. అది నొక్కితే లోపలి గాలే మళ్ళీ చల్లబడుతుంది. నొక్కకపోతే బయటి 45 డిగ్రీల గాలిని కొత్తగా లాక్కుని చల్లార్చాలి. ఎండలో ఎంతోసేపు నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలే. ఎక్కగానే తలుపులన్నీ బిగించి ఏసీ పెడితే అదేం చేస్తుంది, దాని మొహం! నాలుగు తలుపులూ తెరవాలి, ఆ సెగ పోనివ్వాలి, అద్దాలు దించుకుని కాస్త దూరం పోవాలి, ఆ తర్వాత అద్దాలు ఎక్కించి బాణం బటన్ నొక్కాలి. అద్దం దించితే పరువు పోయినట్టు కూర్చుంటారు ఈ కాలపు వాళ్ళు.

డ్యాష్‌బోర్డు మీద వెలిగే అంకెని చూసి మురిసిపోవడం మరో జాడ్యం. ‘18 పెట్టాను తాతయ్యా, అయినా చల్లగా లేదు.’ ఒరేయ్, అది నువ్వు అడిగిన అంకె, వచ్చిన గాలి కొలత కాదు. నిజం తెలియాలంటే చిన్న థర్మామీటరు గాలి వచ్చే జాలీలో గుచ్చి చూడు.

గాజు కప్పు సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది. నడినెత్తిన సూర్యుడుండే దేశంలో కారు పైకప్పంతా గాజుతో చేయించుకుని, దానికి లక్షలు పోసి, లోపల ఏసీ చాలట్లేదని ఏడుపు. పోనీ అద్దాలకి నల్ల ఫిల్ములు వేద్దామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దంది. అద్దాల్లోంచి ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు లోపలికి రావాలని రూలు. సరే, చట్టం చట్టమే. కారు నిలిపినప్పుడు ముందద్దానికి అట్ట అడ్డుపెట్టొద్దని ఏ కోర్టూ చెప్పలేదు. చెట్టు నీడన నిలపొద్దనీ చెప్పలేదు. అసలు చెట్లెక్కడున్నాయి, రోడ్డు వెడల్పు కోసం కొట్టేసుకున్నాం గదా!

ఇక నిజంగానే గ్యాస్ తగ్గిందనుకుందాం. కంప్రెసర్ క్లచ్ టక్కున పట్టి టక్కున వదిలేస్తుంటుంది, డ్యాష్‌బోర్డు లోపల బుస్సుమని చప్పుడొస్తుంది, చల్లగా చెమర్చాల్సిన లావు గొట్టం గోరువెచ్చగా ఉంటుంది. షాపుకి పోతే గేజీ తగిలించి, “తక్కువుంది సార్” అని రెండు ముక్కల్లో తేల్చేసి కొట్టడం మొదలెడతాడు. ఆ ముళ్ళు బయటి ఎండని బట్టి మారతాయి. బయట ఎంత వేడుందో చూడకుండా చదివిన గేజీకి అర్థం లేదు. ఎక్కువ పట్టినా చల్లదనం పెరగదు. కండెన్సర్‌లో ప్రెషర్ పెరిగి ఇంకా తగ్గుతుంది, కంప్రెసర్ కట్టేసుకుంటుంది. ఎన్ని గ్రాములు పట్టాలో చాలా కార్లలో బానెట్ కిందే స్టిక్కరు అంటించి ఉంటుంది. లీకు కనిపెట్టి, బాగుచేసి, వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలీ తేమా లాగేసి, తూకం ప్రకారం పట్టడమే పద్ధతి.

‘పాత గ్యాసే బాగా చల్లబరిచేదండీ’ అని మా ఈడువాళ్ళు కూడా గొణుగుతుంటారు. ఆ ఆర్-12 ఆకాశంలో ఓజోన్ పొరని తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని క్రమంగా ఆపించాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదుగానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా ఘనమైనది. కారే గొట్టంలో ఏటా పోయించుకుంటూ దాన్ని గాలికి వదలడమంటే, ఏ ఎండనైతే తిట్టుకుంటున్నామో ఆ ఎండకే మేత వెయ్యడం.

మా రోజుల్లో అంతా బాగుండేదని నేననను. ఇంజను పక్కనే కూర్చుని, కాళ్ళు కాలుతుంటే మే నెలలో లారీ తోలినవాళ్ళ బతుకు నేను చూశాను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు. అది ఎప్పుడో జరగాల్సిన పని. నా గొడవల్లా చల్లదనం మీద కాదు, చూడకుండా తడుముకోకుండా జేబులో చెయ్యి పెట్టే అలవాటు మీద.

కాబట్టి ఈ ఎండల్లో ఏసీ డల్ అయితే ఫ్యాను చూడండి, జాలీ కడగండి, ఫిల్టర్ మార్చండి, బాణం బటన్ నొక్కండి. ఇవన్నీ అయ్యాకే షాపుకి పోండి. అక్కడ “గ్యాస్ పట్టాలి సార్” అంటే, “ఎక్కడ కారుతోందో చూపించు నాయనా” అని అడగండి. చూపించలేనివాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.