బావ ఉక్కుమనిషే, కడుపు మామూలుది

ట్రయాథ్లాన్‌లో ఈత, సైకిలు, పరుగు అని మూడు ఆటలుంటాయంటారు. ఆడినవాళ్లని అడిగితే నాలుగోది కూడా ఉందంటారు: తినడం. మొదటి మూడింటికీ కోచ్‌ని పెట్టుకుంటాం. నాలుగోది మనకి పుట్టుకతోనే వచ్చేసిందని ప్రతి తెలుగువాడికీ గట్టి నమ్మకం. మా బావకీ ఉండేది. మా అక్కకైతే ఆ విద్యలో తనకి సాటివచ్చేవాళ్లు నాలుగు జిల్లాల్లో లేరని ధీమా.

నలభై దాటాక మగవాళ్లు కొందరు మాల వేసుకుంటారు, కొందరు ప్లాటు కొంటారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మా బావ సైకిలు కొన్నాడు. ప్లాటుకి అడ్వాన్సు కట్టగలిగేంత ఖరీదైన సైకిలు. ఆ తర్వాత గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 అనే ట్రయాథ్లాన్‌కి పేరిచ్చేశాడు. మన దేశంలో ఆ పోటీ 2019లో పణజి దగ్గర మిరామార్ బీచ్‌లో మొదలైంది. 70.3 అన్నది మైళ్ల లెక్క. మన లెక్కలో 113 కిలోమీటర్లు: సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఆ తడిబట్టలతోనే 90 కిలోమీటర్ల సైకిలు, దాని మీద 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

"ఇది సగమే. పూర్తి ఐరన్‌మ్యాన్ 226 కిలోమీటర్లు, 17 గంటలు" అన్నాడు బావ.

"అన్ని గంటలు తిండి ఎవరు పెడతారండీ?" అంది అక్క. కోచ్ ఆరు నెలల్లో అడగని ప్రశ్న అది.

తిండికి బావ ఎక్సెల్ షీటు తయారుచేశాడు. ఏ నిమిషానికి ఏ చక్కెర జెల్, ఎన్ని గుక్కల నీళ్లు, ఎంత ఉప్పు, అన్నీ రంగురంగుల గళ్లలో. వంక పెట్టడానికి లేని షీటు. దాన్ని చదవనివాళ్లు ఇద్దరే: ఒకరు మా అక్క, రెండోది బావ కడుపు.

పోటీకి ముందు రోజు ఒంటి బరువు కిలోకి 10 గ్రాముల చొప్పున పిండిపదార్థాలు తినమని క్రీడల పోషకాహార నిపుణులు చెబుతారు. బావ బరువు 70 కిలోలు. అంటే 700 గ్రాములు. గ్రాముల్లో వంట చెయ్యడం అక్కకి నామోషీ. "అన్నంలో చెప్పండి" అంది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుందని బావ లెక్కకట్టి, "రెండున్నర కిలోల అన్నం" అన్నాడు. సైన్సు మీద అక్కకి గౌరవం కలగడం అప్పుడే చూశాను.

నిపుణుల మాటకి రెండో సగం ఒకటుంది. పీచు, కొవ్వు తక్కువగా, చప్పగా తినాలి. తెల్లన్నం, బ్రెడ్డు, తేనె, పళ్లరసం, అంతే. రాత్రంతా పేగులకి పని పెట్టకూడదు. ఆ సగం బావ చెప్పబోయేసరికి అక్క వంటగదిలో ఉంది. రెండున్నర కిలోల అన్నం ఒట్టిగా ఎలా దిగుతుందని ఆవిడ న్యాయమైన సందేహం. గోంగూర పప్పు, ఆవకాయ, గరిటెడు నెయ్యి వచ్చాయి.

"షీటులో గోంగూర లేదు" అన్నాడు బావ నీరసంగా.

"షీటులో పెళ్లాం కూడా లేదు. తినండి" అంది అక్క.

తెల్లారుజామున షీటు ప్రకారం రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక అరటిపండు. అక్క హైదరాబాద్ నుంచి ఐస్ డబ్బాలో పెసరపిండి మోసుకొచ్చిందని అప్పుడు తెలిసింది. గోవాలో మేం అద్దెకి తీసుకున్న ఫ్లాటులో మూడున్నరకి అల్లం, జీలకర్ర వాసన లేచింది. "ఒక్కటే" అన్నాడు బావ. పెసరట్టు దగ్గర ఒక్కటే అన్న మాట మీద నిలబడ్డవాళ్లని నేను చూడలేదు. పొట్టుతో రుబ్బిన పెసలు అరగడానికి తీరిక కావాలి. ఆ పూట బావకి లేనిది అదే.

ఈత బాగానే అయింది. సముద్రంలో అక్క వడ్డించలేదు కాబట్టి కావచ్చు.

కష్టం సైకిలు మీద మొదలైంది. షీటులోని జెల్ పాకెట్లన్నీ హ్యాండిల్ వెనక చిన్న సంచిలో ఉన్నాయి. ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర సంచి జిప్పు తెరుచుకుంది. బావ చూసుకునేసరికి నిమిషాల లెక్క మిగిలింది, సరుకు మిగల్లేదు. దారిలో నీళ్లూ తిండీ పెట్టిన బల్లల దగ్గర అరటిపళ్లున్నాయి. కానీ గొంతుదాకా పెసరట్టు ఉన్నవాడికి అరటిపండు వైపు చెయ్యి వెళ్లదు. ఆకలి లేదు కదా, తర్వాత చూద్దాం అనుకున్నాడు.

ఇక్కడే శరీరం మనిషిని మోసం చేస్తుంది. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ మహా అయితే 2,000 క్యాలరీల శక్తినిస్తుంది. 113 కిలోమీటర్లకి అది చాలదు. పోనీ ఒంట్లో కొవ్వు ఉందిగా అంటారా? పది కిలోల కొవ్వులో 77,000 క్యాలరీలుంటాయి. బావ నడుం చుట్టూ దానికి లోటు లేదు. కానీ కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది, జోరుగా పరిగెత్తేవాడికి సరిపోయే వేగంతో శక్తినివ్వదు. పైగా కాళ్లు కష్టపడుతున్నప్పుడు రక్తం అటు వెళ్లిపోయి కడుపు నోరు మూసుకుంటుంది. ఆకలి అని చెప్పాల్సింది అదే. అది చెప్పే వేళకి నిల్వ అయిపోయి ఉంటుంది.

సైకిలు దిగి బూట్లు మార్చుకునే చోట బావ బుద్ధి పనిచేసింది. లేటుగా. అక్కడి సంచిలో అత్యవసరానికి దాచిన మూడు జెల్స్ ఉన్నాయి. గంటల బాకీ ఒక్కసారే తీర్చేద్దామని మూడూ పిండుకుని, తియ్యటి ఎలక్ట్రోలైట్ డ్రింకుతో దించేశాడు. జెల్‌ని ఒట్టి నీళ్లతో తాగమని పాకెట్టు మీదే రాసి ఉంటుంది. గ్లూకోజ్‌ని రక్తంలోకి పంపే ద్వారం గంటకి దాదాపు 60 గ్రాములే పోనిస్తుంది. ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం ఉంది కాబట్టి రెండూ కలిపి తింటే, అలవాటున్నవాళ్లకి 90 దాకా వెళ్తుంది. ఆ పైన మింగింది పెళ్లి భోజనాల గుమ్మం దగ్గర రెండో బంతి జనంలా బయటే నిలబడి గొడవ చేస్తుంది. చక్కెర మరీ చిక్కనైతే ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాక్కుంటుంది కూడా. తర్వాతి కథ తాత్కాలిక మరుగుదొడ్డి దగ్గర జరిగింది కాబట్టి వదిలేద్దాం.

పరుగు రౌండ్లుగా ఉండటంతో బావ మళ్లీ మళ్లీ మా ముందు నుంచే పోతున్నాడు. మొదటిసారి చెయ్యి ఊపాడు. రెండోసారి తల ఊపాడు. తర్వాత మమ్మల్ని గుర్తుపట్టినట్టు లేదు. అక్క ఉండబట్టలేక స్టీలు సీసాలో మజ్జిగ పట్టుకుని తాడు దాటబోయింది. వాలంటీరు పిల్ల అడ్డంపడింది. బయటివాళ్లు ఏమీ ఇవ్వకూడదట. ఇస్తే ఆయన్ని పోటీలోంచి తీసేయొచ్చట.

"కట్టుకున్నదాన్ని, నేను బయటిదాన్నా?" అంది అక్క.

"సారీ ఆంటీ, రూల్" అంది ఆ పిల్ల.

రూలుకి వచ్చిన కోపం కంటే ఆంటీకి వచ్చిన కోపం పెద్దది.

అక్కని శాంతపరచడానికి నాకు తెలిసిన చరిత్ర చెప్పాను. ఈ ఐరన్‌మ్యాన్ 1978 ఫిబ్రవరిలో హవాయిలో మొదలైంది. జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ కలిసి పెట్టారు. 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తిచేశారు. అప్పట్లో ఎవరి తిండి, ఎవరి నీళ్లు వాళ్ల మనుషులే అందించుకోవాలి. రెండోవాడుగా వచ్చిన జాన్ డన్‌బార్‌కి పరుగులో దాహమేస్తే, వెంటవచ్చినవాళ్ల దగ్గర నీళ్లు అయిపోయి బీరు ఇచ్చారు.

"బీరు పొయ్యనిచ్చినవాళ్లు మజ్జిగ పొయ్యనివ్వరేంరా?" అంది అక్క. నా దగ్గర జవాబు లేదు.

మాట మార్చాను. 1982లో అదే పోటీలో జూలీ మాస్ అనే అమ్మాయి ఆడవాళ్లలో అందరికంటే ముందు పరిగెడుతూ, ఒంట్లో నీరూ శక్తీ అయిపోయి, ముగింపు గీత ఇంకాస్త దూరం ఉందనగా కూలిపోయింది. కేథ్లీన్ మెకార్ట్నీ దాటిపోయి గెలిచింది. జూలీ పాకుకుంటూ వచ్చి 29 సెకన్ల తేడాతో రెండోది అయింది. టీవీలో అది చూశాకే ఈ ఆట లోకానికి తెలిసింది. 1995లో పౌలా న్యూబీ-ఫ్రేజర్, అప్పటికి అదే పోటీ ఏడుసార్లు గెలిచినావిడ, వెనకనుంచి తరుముకొస్తున్నారని చివర్లో నీళ్ల బల్లల దగ్గర ఆగకుండా పరిగెత్తి, ముగింపు దగ్గరపడ్డాక రోడ్డు మీద పడిపోయింది. లేచి నడిచి నాలుగోది అయింది. మరుసటేడు మళ్లీ వచ్చి గెలిచింది. అంతటివాళ్లకే తప్పలేదు, బావదెంత అన్నాను.

"వాళ్లమ్మలు ఏం చేస్తున్నార్రా అప్పుడు?" అంది అక్క.

బావని గట్టెక్కించింది నడక. అది అవమానమని మనం అనుకుంటాం కానీ నిజానికి వైద్యం. జోరు తగ్గిస్తే కాళ్లు వదిలిన రక్తం కడుపుకి చేరుతుంది, ఆగిపోయిన పని మొదలవుతుంది. నెమ్మదిగా నడిచేవాడికి ఒంట్లోని కొవ్వు కూడా బాగానే పనికొస్తుంది. అలా నడుస్తూ బావ బల్ల బల్ల దగ్గర ఆగి కోలా పుక్కిలించి ఉమ్మేశాడు. "తాగక ఉమ్మేస్తున్నారేంట్రా!" అని అక్క గుండె బాదుకుంది. అదీ శాస్త్రమే. తియ్యటి పానీయం నోటికి తగిలితే చాలు, తిండి వస్తోందని మెదడు నమ్మి కాళ్లకి ఇంకాస్త వదులు ఇస్తుందని పరిశోధనల్లో తేలింది. కాసేపటికి పుక్కిలింత గుక్క అయింది. గుక్క నిలబడింది. తర్వాత అరముక్క అరటిపండు. ఆఖరి రౌండులో మమ్మల్ని మళ్లీ గుర్తుపట్టాడు.

గడువుకి ఇంకా కొన్ని నిమిషాలుండగా గీత దాటాడు. మెడలో పతకం వేశారు. పోటీ అయిపోయింది కాబట్టి అక్క ఇక బయటిది కాదు. బావ సీసా ఎత్తి సగం మజ్జిగ ఆపకుండా తాగి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. అంత చెమటోడ్చినవాడికి అది వంకపెట్టడం కాదు, ఒళ్లు అడిగిన మాట.

అప్పటినుంచి అక్క మజ్జిగ మీద అధికారికంగా మాట్లాడుతోంది. తప్పుబట్టలేం. 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం డాక్టరు రాబర్ట్ కేడ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం నీళ్లు, చక్కెర, ఉప్పు కలిపి ఒక పానీయం చేస్తే ఎవరికీ నోట పెట్టబుద్ధి కాలేదు. నిమ్మరసం కలపమన్నది ఆయన భార్య మేరీ. గేటరేడ్ అనే వ్యాపారం అలా నిలబడింది. పెళ్లాం మాట వినమని అక్కడా తేలింది.

నాకు తేలిందొకటే. తిండి విషయంలో శాస్త్రం, తల్లులు ఒకే మాట చెబుతున్నారు: అడిగేదాకా ఆగకుండా పెట్టు. తేడా అల్లా ఏం పెట్టాలన్న దగ్గరే. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పోటీకి పేరిస్తే, పోటీ రోజు తినబోయేదే ప్రాక్టీసులోనూ తినిపించి కడుపుకి అలవాటు చెయ్యండి. ఆ రోజు కొత్త వంటకం వద్దు. గోంగూర, నెయ్యి పతకం వచ్చాక వడ్డించండి. దారిలో గడియారం చూసి కొద్దికొద్దిగా తినమనండి. ఆకలి లేదంటే మాత్రం నమ్మకండి.