నకలంటే చిన్నచూపు

నకలు బొమ్మ చూస్తే కళ్లు మైలపడతాయని చాలాకాలం నమ్మినవాణ్ని నేను. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లను పక్కనబెట్టి ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరుగెత్తేవాణ్ని. మా మేనకోడలు "ఇవి చూద్దాం మామయ్యా" అంటే, "జిరాక్సులు మనకెందుకే, అసలువే చూపిస్తా పద" అని గొప్పలు పోయాను.

చూపించాను కూడా. అజంతా ఒకటో గుహలో పద్మపాణి బోధిసత్వుడి బొమ్మ. మసక వెలుతురు, వెనక నుంచి తోపులాట. చేతిలో కలువ ఉందని నేను, ఎక్కడని మేనకోడలు. నిజానికి వాలిన తల, కిరీటం తప్ప నాకూ ఏమీ ఆనలేదు. అయినా "ఆహా" అన్నాను. అనకపోతే పరువేం కాను?

ఆ బొమ్మల మీది పచ్చటి పొర సంగతి తర్వాత చదివాను. బొమ్మ బాగా కనబడాలని పాతకాలంలో నకలు తీసేవాళ్లే వార్నిష్ పూశారట. 1920లలో నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇటలీ నిపుణులు పెచ్చులూడకుండా లక్క పూత వేస్తే అదీ పచ్చబడింది. నేను మురిసిపోయిన అసలులో ఆ పూత వాటా ఎంతో!

ఇక నకళ్ల కథ. మద్రాసు సైన్యం మనిషి రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్లతరబడి నూనెరంగుల్లో గీసినవి చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. బొంబాయి ఆర్ట్ స్కూల్ జాన్ గ్రిఫిత్స్ శిష్యులతో మళ్లీ గీయించాడు. 1885లో లండన్‌లోనే వాటిలో చాలా కాలిపోయాయి. 1909-11 మధ్య చలికాలాల్లో క్రిస్టియానా హెరింగ్‌హామ్ గుహల్లో కూర్చుని నీటిరంగులు కలిపింది. తోడుగా నందలాల్ బోస్, అసిత్ హల్దార్. మన హైదరాబాద్ సంస్థానం నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత అజంతాకే క్యురేటర్ అయ్యాడు. నేను జిరాక్సులన్న వాటిలో ఆయన చేతి పనీ ఉంది.

జిరాక్సు మిషను కనుబొమ దగ్గర గీత ఎక్కడ సన్నబడిందో తడుముకోదు. గుహ చీకట్లో దీపం పట్టి, ఊడిన పెచ్చు పక్కన మిగిలిన రంగు ఏదో తేల్చుకున్నవాడి ఓపికకు నేను పెట్టిన పేరది. ఇంతకన్నా మొద్దుతనం ఉంటుందా?

అజంతా వెళ్లేవాళ్లకు నా మనవి ఒకటే. ముందు హైదరాబాద్‌లో నకళ్ల ముందు తీరిగ్గా నిలబడండి. కలువ ఏ చేతిలో ఉందో కంటికి నేర్పుకుని, ఆ తర్వాతే బండెక్కండి.