జీరో టికెట్

భద్రాచలంలో గుడి తెలంగాణది, రాముడి మాన్యం ఆంధ్రాది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. స్వామివారి భూములు, దాదాపు 890 ఎకరాలు, పురుషోత్తపట్నంలో ఉన్నాయి. అవి అటు పోయాయి. మా ఎటపాకా అటే పోయింది.

నేను పెళ్ళయి హైదరాబాదు వచ్చేనాటికి మాది ఖమ్మం జిల్లా. తర్వాత తూర్పు గోదావరి అన్నారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో వేశారు. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే ఎక్కడో మన్యం కొండల్లో ఉన్న పాడేరు పోవాల్సి వచ్చేది!

2024 శ్రీరామనవమికి ఊరెళ్ళాను. భద్రాచలం నుంచి పర్ణశాలకు ఆటో ఎక్కితే దారిలో కాసేపు ఆంధ్రా వస్తుంది, మళ్ళీ తెలంగాణ వస్తుంది. బంకులో పెట్రోలు ధర మారుతుంది, పింఛను మారుతుంది. అప్పుడు మా చిన్నమ్మకు నెలకు 3,000 వచ్చేది, ఇవతల ఆమె ఈడువాళ్ళకు 2,016. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ బజారుకైనా, ఆస్పత్రికైనా ఎటపాకకు దిక్కు భద్రాచలమే. ఒకే వీధి బడిలో చదువుకున్నవాళ్ళు "మీ గవర్నమెంటు", "మా గవర్నమెంటు" అని మాట్లాడుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంది.

చిన్నమ్మ కళ్ళు చూపిద్దామని భద్రాచలం బస్టాండులో ఖమ్మం ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. కండక్టరు నా హైదరాబాదు ఆధార్ చూసి, తెలంగాణ ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాడు. చిన్నమ్మ ప్లాస్టిక్ కవరులోంచి తన కార్డు తీసింది. అంచులు అరిగిపోయాయి, ఫొటో వెలిసిపోయింది. 'ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్' అని ఉంది. రాష్ట్రం విడిపోకముందు తీసుకున్న కార్డు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఊరేదవ్వా?"

"ఎటపాక."

"అయితే ఆంధ్రానే. టికెట్ తీసుకోవాలె."

నాకు ఆగలేదు. "ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ గుడి చుట్టూనే బాబూ. ఊరొదిలి పోయినదాన్ని నేను. నాకు ఫ్రీ, ఆమెకు టికెట్టా?"

మంచి పిల్లాడు, నొచ్చుకున్నాడు. "నా చేతుల ఏముందక్కా! మీ ఊళ్ళ కోసం ఎవరన్నా గట్టిగా కొట్లాడాలె."

చిన్నమ్మ కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెడుతోంది.

"కొట్లాడారు నాయనా. మా ఆయనది మణుగూరు గనుల్లో పని. తెలంగాణ కోసం 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి కూర్చున్నాడు. జీతం లేదు. నా పుస్తెలతాడు తాకట్టు పెట్టి బియ్యం తెచ్చాం."

"మరింకేందవ్వా, తెలంగాణ వచ్చె గదా!"

"వచ్చింది నాయనా. మా ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయింది."